సేవాసంఘముల వార్తలు

ఉదయమున వార్తాపత్రిక విప్పి జిల్లా పుటను చూచువారికి ఒక తీరు వార్తలు నిత్యపరిచితములు. ఒక ఊర రోటరీ క్లబ్బువారు పాఠశాలకు బల్లలు ఇచ్చిరి. ఇంకొక ఊర లయన్సు క్లబ్బువారు కంటిపరీక్షలు జరిపించిరి. వేరొకచోట రక్తదానశిబిరము, మరియొకచోట నూతన కార్యవర్గమువారి ప్రమాణస్వీకారము. ప్రక్కనే ఒక ఛాయాచిత్రము. అందు పదిమంది పెద్దమనుష్యులు వరుసగా నిలిచియుందురు. వారి నడుమ ఇచ్చిన వస్తువు కొంచెము కనబడును. పుచ్చుకొన్నవాడు అంతకన్నను కొంచెముగా కనబడును. మనము పుట త్రిప్పుదుము.

ఈ సంఘములు ఎట్లు పుట్టినవి, ఎట్లు నడచుచున్నవి, వాని వార్తలను మనమెట్లు చదువవలెను అను విషయమును గూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేసెదను. నేను ఏ క్లబ్బునందును సభ్యుడను కాను. తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను మా పట్టణమందలి యొక సేవాసంఘమునకు కొన్నియేండ్లు వార్తలు వ్రాసిపెట్టితిని. ఆ వ్రాతలో నేను చేసిన తప్పిదమే నన్నీ విషయమును గూర్చి ఆలోచింపజేసినది. దానిని ముందు చెప్పెదను గాని, మొదట కథ మొదటినుండి వినుడు.

క్లబ్బు అనగానే మనలో కొందరికి పేకాట స్ఫురించును. ఈ క్లబ్బులు అట్టివి కావు. 1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన, అమెరికాలోని చికాగో నగరమున, పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు మిత్రులతో కూడి ముచ్చటించెను. వారిలో ఒకడు బొగ్గు వర్తకుడు. ఒకడు గనుల ఇంజనీరు. ఒకడు దుస్తులు కుట్టించి అమ్మువాడు. హారిస్ చిన్న ఊర పెరిగినవాడు. మహానగరమున వేలకొలది జనులున్నను, కష్టసుఖములు చెప్పుకొనుటకు నలుగురు లేరను లోటు ఆయనను బాధించెను. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్కరు చొప్పున చేరి, ఒక తూరి ఒకరి కార్యాలయమున, మరియొక తూరి ఇంకొకరి కార్యాలయమున కలిసికొన నారంభించిరి. ఇట్లు వంతు తిరుగుచుండుటచేత ఆ కూటమికి రోటరీ యని పేరు వచ్చినది. తిరుగునది యని దాని యర్థము. చక్రము వారి చిహ్నమైనది.

ఈ వంతుల పద్ధతి మనకు క్రొత్తది కాదు. మా గురువుగారు వారములు చేసికొని చదువుకొన్నవారు. ఆదివారము ఒకరి యింట భోజనము, సోమవారము వేరొకరి యింట. ఏడిండ్లు కలిసి ఒక విద్యార్థిని పోషించెడివి. ఏ యింటికిని భారము తెలియకుండెడిది. విద్యార్థికి పస్తు లేకుండెడిది. ఒక్కరు మోయలేని బరువును పదిమంది వంతులవారీగా మోయుటయే ఈ సేవాసంఘముల మూలసూత్రమును. ఆ మాట మరువకుడు. దానితో మనకు మరల పని యున్నది.

మొదట ఆ మిత్రులు తలచినది స్నేహమును, ఒకరి వ్యాపారమునకు ఒకరు తోడ్పడుటయును. సేవ పిదప వచ్చినది. 1907లో చికాగో నగరమున ప్రజల యుపయోగమునకై మరుగుదొడ్లు కట్టించుటకు పాటుపడుట వారి తొలి ప్రజాకార్యము. గొప్ప చరిత్రలు ఎంత చిన్న పనులతో మొదలగునో చూడుడు. ఆ చికాగో నగరముననే 1917లో మెల్విన్ జోన్స్ అను భీమా వ్యాపారి, వర్తకసంఘములు తమ లాభమును మాత్రమే చూచుకొనుట చాలదని తలచి, లయన్సు క్లబ్బుల కూటమికి పునాది వేసెను. 1925లో ఒహాయో రాష్ట్రమున జరిగిన వారి మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చెను. ఆమె పసితనముననే చూపును వినికిడియు కోల్పోయి, పట్టుదలతో విద్యావతియైన మహనీయురాలు. అంధులకొరకు పాటుపడుడని ఆమె ఆ సభను అడిగెను. నాటినుండి నేటివరకు లయన్సువారు కంటిపనిని తమ సొంతపనిగా నెత్తికెత్తుకొనిరి. మన యూళ్ల కంటిశిబిరములకు మూలము ఆ యొక్క అభ్యర్థనలో నున్నది.

భారతదేశమునకు రోటరీ 1919లో కలకత్తా నగరమున వచ్చినది. లయన్సు 1956లో బొంబాయి నగరమున వచ్చినది. కలకత్తా వాస్తవ్యుడు నితీశ్ లాహరీ 1962-63 సంవత్సరమునకు రోటరీ ప్రపంచాధ్యక్షుడయ్యెను. ఆ పదవినందిన ఆసియా ఖండవాసులలో ఆయన మొదటివాడు. స్త్రీలకు మాత్రము ఈ సంఘముల తలుపులు చాలకాలము మూసియుండెను. లయన్సువారు 1987లోను, రోటరీవారు 1989లోను తమ నిబంధనలు మార్చి స్త్రీలను సభ్యురాండ్రనుగా చేర్చుకొనిరి. 2022లో జెన్నిఫర్ జోన్స్ రోటరీ అధ్యక్షపీఠమెక్కిన తొలి మహిళ యయ్యెను. నేడు లోకమున రోటరీ సభ్యులు సుమారు 12 లక్షలు. లయన్సు సభ్యులు సుమారు 14 లక్షలు.

ఇక నిర్మాణము. పట్టణమున క్లబ్బు. కొన్ని క్లబ్బులు కలిసిన యెడల ఒక జిల్లా. ఇది కలెక్టరుగారి జిల్లా కాదు. దాని యెల్లలు వేరు. దానికి పేరుకు బదులు సంఖ్య యుండును. ఆ జిల్లాకు ఒక గవర్నరు. ఈయనయు రాజభవనపు గవర్నరు కాడు; క్లబ్బుసభ్యులలోనుండి యెన్నుకొనబడినవాడు. తన జిల్లాలోని క్లబ్బులను సందర్శించి మంచిచెడ్డలు విచారించుట ఆయన విధి. క్లబ్బున అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి యుందురు. జూలై 1వ తేదీన వీరి సంవత్సరము మొదలై, మరుసటి యేడు జూన్ 30వ తేదీన ముగియును. ఎంత సమర్థుడైనను అధ్యక్షుడు సాధారణముగా ఒక్క యేడే పీఠమున నుండును. పిదప మరియొకరి వంతు.

ఈ యేర్పాటులో గొప్ప గుణము కలదు. ఎవడును పీఠమును అంటిపెట్టుకొనడు. మందుల దుకాణమువాడును, వకీలును, వైద్యుడును, ధాన్యపు వర్తకుడును ఒకరి తరువాత ఒకరు నాయకత్వము నేర్చుకొందురు. మన యూళ్లలో ఎన్నో సమాజములు స్థాపకుడు ముసలివాడగుటతోడనే మూలబడుట చూచితిమి. ఈ క్లబ్బులు అట్లు మూలబడకుండుటకు ఈ వంతే కారణము.

కాని యేది గుణమో అదియే దోషమగుట కూడ కలదు. ఏడాదికొకసారి పెద్దలు మారుదురు. క్రొత్తగా వచ్చినవాడు క్రొత్తపని చేయగోరును. ఏలయనగా పాతపని యెంత చక్కగా సాగించినను అది పాతవాని పేరనే యుండును. కావున మొక్కలు నాటువారు ప్రతియేడు నుందురు. నిరుటి మొక్కకు నీరుపోయువారు అరుదు. వారములు చేసికొను విద్యార్థికి నేడు అన్నము పెట్టిన యింటివారు రేపు పెట్టనక్కరలేదు. రేపటి యింటివారు సిద్ధముగా నుందురు. ఆ రేపటి యింటివారు తమకొక విద్యార్థి యున్నాడనియే యెరుగనిచో వాని గతి యేమి? ఇచ్చటనే నా కథ వచ్చుచున్నది.

మాది కృష్ణానది కెంతో దూరములేని చిన్న పట్టణము. మగ్గములు కలవు. ఒక యేడు కార్తికమాసమున మా పాఠశాల వసారాలో ఒక సేవాసంఘమువారు కంటిశిబిరము పెట్టిరి. శుక్లములున్నవారిని ఎంచి, బండిలో నగరపు ఆసుపత్రికి తీసికొనిపోయి, శస్త్రచికిత్స చేయించి, మరునాడు దింపిరి. మొత్తము 42 మంది. ఎవరినుండియు కాసు పుచ్చుకొనలేదు. ఆ యేటి అధ్యక్షుడు రెండుదినములు దుకాణము కట్టిపెట్టి, ముసలివారిని చేయిపట్టి బండి యెక్కించుట నేను కన్నులార చూచితిని. ఆయన చిత్తశుద్ధిని శంకించుట నా యుద్దేశము కాదు.

వార్త వ్రాయుట నా వంతు. శిబిరము దిగ్విజయముగా జరిగినదనియు, 42 మంది అంధులకు దృష్టి ప్రసాదింపబడినదనియు వ్రాసితిని. దిగ్విజయమనగా నాలుగు దిక్కులను జయించుట. మేము జయించినది పాఠశాల వసారా. అంధులనుటయు సరికాదు, వారు మసకచూపువారు. దృష్టి ప్రసాదింపబడినదనుట అంతకన్నను తొందరపాటు. నాడింకను కొందరికి కట్లైనను విప్పలేదు. కాని పిల్లలకు శబ్దార్థములు నేర్పి జీవించిన నేను ఒక్క శబ్దమును గూర్చియైన తడవుకొనలేదు. వార్త అచ్చయినది. అందరును సంతోషించితిమి.

ఆ తరువాత రెండవ ఆషాఢమున ఒక ముసలమ్మ మా యింటి అరుగుమీద వచ్చి కూర్చుండెను. నేతవారి యింటి ఆడపడుచు. కండెలు చుట్టి దినము గడుపుకొనునది. మనుమరాలు చేయిపట్టుకొని తీసికొనివచ్చినది. ఆమె యనిన మాట నేటికిని నా చెవిలో నున్నది.

“పంతులుగారూ, నాకు చూపొచ్చిందని మీరే కదయ్యా పేపర్లో రాశారు. మళ్ళీ పోయిందని ఎవరికి చెప్పుకోవాలి?”

“ఎన్నాళ్లనుంచి, అమ్మా?” అని యడిగితిని.

“మొన్న సంక్రాంతి కాడినుంచి. దారం ఆనటంలేదు. ఆపరేషను పాడైపోయిందంటున్నారు. ఊరికే చేసిన పనికదా, అడగటం బాగోదని ఊరుకున్నా.”

ఆరునెలలు ఆమె రాట్నము ముట్టలేదు. శిబిరము పెట్టిన అధ్యక్షుని పదవీకాలము ఎన్నడో ముగిసినది. మరియొకరు వచ్చి, వారి యేడును గడచి, మూడవవారి ప్రమాణస్వీకారము ఆ వారముననే జరుగనున్నది. ఆమె యడుగదగిన మనుష్యుడు ఎవ్వడును లేడు. ఆమెకు జ్ఞప్తియున్నది వార్త వ్రాసిన పంతులు మాత్రమే.

నేను ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోతిని. వైద్యుడు పరీక్షించి నవ్వుచు విశదపరచెను. కంటిలోపలి కటకము మసకబారుటయే శుక్లము. శస్త్రచికిత్సలో ఆ మసకబారినదానిని తీసివైచి కృత్రిమ కటకమును నిలుపుదురు. అది నిలుచుటకై సహజకటకపు సంచిలో వెనుకపొరను అట్లే యుంచుదురు. కొందరికి కొన్ని నెలలకో యేండ్లకో ఆ పొర తానే మందమై చూపునకు అడ్డువచ్చును. ఇది శస్త్రచికిత్స పాడగుట కాదు. కత్తి యక్కరలేదు, పడక యక్కరలేదు. లేసరు కిరణముతో ఆ పొర నడుమ చిన్న రంధ్రము చేసిన చాలును. అది కొన్ని నిమిషముల పని. ఆ దినముననే అది జరిగినది. కొన్నిదినములకు ఆమె మరల రాట్నము ముందు కూర్చుండెను.

శ్రోతలు సంతోషింతురు గాక. నాకు మాత్రము నిద్ర పట్టలేదు. కొన్ని నిమిషముల పనికై ఆరునెలలు చీకటి! ఈమె వచ్చి యడిగినది. అడుగనివారి మాట యేమి? పాతకాగితములు వెదకి 42 పేర్ల జాబితా పైకితీసితిని. క్రొత్త కార్యదర్శి యువకుడు. నా మాట విని, తానును వచ్చెదననెను. ఇద్దరమును సాయంకాలములందు ఇల్లిల్లు తిరిగితిమి. ఎక్కువమంది సుఖముగా నున్నారు. మనుమల ముఖములు చూచుచున్నామని దీవించిరి. అది చెప్పకుండుట అన్యాయము. కొందరు ఊరువిడిచి పోయిరి. కొందరికి ఆ వెనుకపొర బాధయే కలదు. వారును లేసరుచేత బాగుపడిరి. ఒక్క యింట మాత్రము మేము తలవంచుకొని నిలువవలసివచ్చినది. ఆ యింటి పెద్దకు శస్త్రచికిత్స జరిగిన నాలుగవనాడు కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినదట. అట్లు జరిగినచో వెంటనే రమ్మని చీటిలో అచ్చువేసి యిచ్చిరి. ఆయనకు చదువు రాదు. ఎవరో చెప్పిన పసరు పోసిరి. ఆ కన్ను పోయినది. ఆయన భార్య మమ్ము నిందింపలేదు. “మీలో ఎవరన్నా మళ్ళీ వస్తారేమోనని చూశామండీ” అని మాత్రము అనెను.

నా వార్తలో ఆ కన్నును కూడ దృష్టి ప్రసాదింపబడినవానిలోనే లెక్కించితిని.

రోటరీ సభ్యులు తమ్ముతాము ప్రశ్నించుకొనుటకు నాలుగు ప్రశ్నలు కలవు. 1932లో హెర్బర్ట్ టేలర్ అను వర్తకుడు తన కంపెనీకై యేర్పరచుకొన్నవి అవి. చెప్పునది నిజమా యనునది వానిలో మొదటిది. నేను ఏ క్లబ్బు సభ్యుడను కాకున్నను ఆ ప్రశ్న నాకు తగిలినది. నేను వ్రాసినది అబద్ధము కాదు. కాని యది నిజము తెలియకముందు వ్రాసినది.

వంతులవారీగా మారుచుండు సంఘము ఒకేపనిని విడువక పట్టుకొనలేదా? పట్టుకొనగలదు. దానికి పోలియో నివారణమే సాక్ష్యము. రోటరీవారు 1979లో ఫిలిప్పీన్సు దేశమున పిల్లలకు చుక్కలమందు వేయించుటతో ఆరంభించిరి. 1985లో దానిని ప్రపంచవ్యాప్తముగా చేయ సంకల్పించి 12 కోట్ల డాలర్లు కూర్చుటకు పూనుకొనిరి. మూడేండ్లలో 24 కోట్ల డాలర్లకు మించి కూడినది. 1988లో ప్రపంచ ఆరోగ్యసభ పోలియోను నిర్మూలింప తీర్మానించినప్పుడు, 125 దేశములందు ఏటేట సుమారు 3,50,000 మంది పిల్లలు ఆ జాడ్యమునకు లోనగుచుండిరి. మన దేశమున 1995 నుండి పల్సు పోలియో కార్యక్రమము నడచినది. ప్రభుత్వమును, ప్రపంచ ఆరోగ్యసంస్థయు, యూనిసెఫును, వేలకొలది ఆరోగ్యకార్యకర్తలును మోసిన బరువులో క్లబ్బులవారును ఒక వంతు మోసిరి. ఆ ఘనత వారిదొక్కరిదే యనుట సత్యము కాదు.

ఆ పని జరిగిన తీరును గమనింపుడు. ఆదివారము కేంద్రములయొద్ద చుక్కలు వేయుదురు. చుక్కలు పడిన బిడ్డ ఎడమచేతి చిటికెనవ్రేలిపై సిరా గుర్తు పెట్టుదురు. మరునాటినుండి ఇంటింటికి పోవుదురు. ఏ యింట పిల్లలందరికిని చుక్కలు పడినవో ఆ యింటి గోడపై సుద్దతో పి అను నాంగ్లాక్షరము వ్రాయుదురు. ఏ యింట బిడ్డ లేడో, తల్లి వలదన్నదో, తలుపు తాళము వేసియున్నదో ఆ యింటిపై ఎక్స్ అను అక్షరము వ్రాయుదురు. మన లెక్కలలో గుణకారపు గుర్తువంటిది అది. ఆ గుర్తునకు అర్థము ఒక్కటే: ఈ యింటికి మరల పోవలెను. నిన్న వచ్చినవాడే నేడును రావలెనని లేదు. మనిషి మారినను గోడమీది గుర్తు మారదు. క్రొత్తగా వచ్చినవాడు దానిని చూచి తలుపు తట్టును.

బీహారులో కోసీనది ముంపుపల్లెలకును, ఇటుకబట్టీలకును, కదలుచున్న రైళ్లకును అట్లే పోయిరి. 2009లో మన దేశమున 741 మంది పిల్లలకు పోలియో వచ్చినది. 2011లో ఒక్కరికే వచ్చినది. అది జనవరి 13వ తేదీన పశ్చిమబెంగాలులోని హౌరా ప్రాంతమున. అటుపిమ్మట సహజమైన పోలియో క్రిమి ఈ దేశమున ఏ బిడ్డను కుంటివానిని చేయలేదు. 2014 మార్చి 27వ తేదీన భారతదేశము పోలియోరహితమని ధ్రువపత్రము వచ్చినది. ఈ మూడుదశాబ్దములలో ఎందరు అధ్యక్షులు, ఎందరు గవర్నరులు మారిరో లెక్కలేదు. పని మారలేదు.

కంటిపనిలోను అట్టి స్థిరత్వమునకు త్రోవలు కలవు. 1992లో మదురైలోని అరవింద నేత్రవైద్యశాలవారు లయన్సువారి తోడ్పాటుతో ఒక శిక్షణసంస్థను నెలకొల్పిరి. కంటియాసుపత్రులను ఎట్లు నడుపవలెనో అందు నేర్పుదురు. మన హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు పల్లెలయందే చిన్న దృష్టికేంద్రములను తెరచి, అచ్చటి యువతీయువకులకే శిక్షణమిచ్చి కూర్చుండబెట్టిరి. శిబిరము వచ్చి పోవును. కేంద్రము అచ్చటనే యుండును. చూపు తగ్గినవాడు పోయి తట్టుటకు ఒక తలుపు కలదు. క్లబ్బువారు తమ ధనముతో శిబిరమును పెట్టుట మంచిది. ఆ శిబిరమును అట్టి తలుపుతో ముడిపెట్టుట ఇంకను మంచిది.

మన పెద్దలు చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా ఎంచిరి. సంతానమని యేల యనిరి? బిడ్డను కన్నవాడు కనుటతో సరిపెట్టుకొనడు. చెరువునకును పూడిక తీయవలెను, గట్టు కాపాడవలెను. త్రవ్వించిననాటి శాసనము రాతిమీద నుండవచ్చును. నీరు మాత్రము ఏటేట చేసిన పనివలన నుండును.

కావున వార్తాపత్రికలో సేవాసంఘపు వార్త కనబడినప్పుడు పుట త్రిప్పకుడు, వెక్కిరింపకుడు. మీ యూరివారైనచో వారిని ఆప్యాయముగా ఒక్కమాట అడుగుడు: “అయ్యా, నిరుడు మీరు చేసిన పని యెట్లున్నది?” అడుగువారుండిన, చూచువారుందురు. క్లబ్బులలోని మిత్రులకు నా మనవియు అంతియే. పదవిని అప్పగించునాడు మెడలోని పతకముతోపాటు నిరుటి జాబితాను కూడ అప్పగింపుడు.

మా పట్టణమున ఆ యువకార్యదర్శి ఒక పుస్తకము పెట్టినాడు. పేరు, ఊరు, చికిత్స జరిగిన తేదీ, వీనిప్రక్కన నాలుగవ గడి యొకటి గీసినాడు. దాని తలమీద ‘మరల చూచిన తేదీ’ అని నాచేతనే వ్రాయించినాడు. అతని సంవత్సరము ముగిసినది. పుస్తకము అతని తరువాతివాని చేతికి వచ్చినది. మొన్న తెరచి చూచితిని. నాలుగవ గడిలో కొన్ని తేదీలు క్రొత్త చేతివ్రాతతో నున్నవి. కొన్ని గడులు ఇంకను ఖాళీగా నున్నవి. అవి నిండువరకు వార్త వ్రాయనని చెప్పితిని.